చరిత్ర పాఠం ఎల్. డిస్. కాకూడదు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గూర్చి, వైద్య ఖర్చుల గూర్చి మాట్లాడటానికి నాకంటె సమర్థులైన వక్తలు ఈ వేదికపైన ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఇంట్లో మనవలను చదివిస్తున్నారు గదా, పిల్లల చదువు మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందులో చాలా ఏళ్ళు రికార్డు రూములో గడిచాయి. కాబట్టి అన్ని చదువుల జోలికీ పోను. పాత కాగితాలతో సంబంధమున్న చదువు ఒక్కటే, చరిత్ర. దాన్ని ఇప్పుడు కొత్త పద్ధతులలో చెబుతున్నారు. ఆ పద్ధతుల వలన పిల్లలకు నిజంగా చరిత్ర వస్తున్నదా, లేదా అన్నదే నా విషయం.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా రోజులలో చరిత్ర అంటే తేదీలు, రాజుల పేర్లు, యుద్ధాలకు కారణాలు, ఫలితాలు. మాస్టారు నోట్సు చెప్పేవారు, మేము వ్రాసుకుని కంఠతా పట్టేవాళ్ళం. నేను ఆ పద్ధతిలోనే పాసై ఉద్యోగంలో చేరాను గనుక, అదే చదువనుకున్నాను. మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా రోజూ సాయంత్రం ఆఫీసునుంచి రాగానే నిలబెట్టి తేదీలు అప్పజెప్పించుకునేవాణ్ణి. తప్పితే చెయ్యి చేసుకునేవాణ్ణి. వాడికి పదో తరగతిలో సాంఘికశాస్త్రంలో మంచి మార్కులే వచ్చాయి. పరీక్షలైన మర్నాడే ఆ పుస్తకం తీసుకెళ్ళి పాత కాగితాలవాడికి అమ్మేశాడు. ఆనాటినుంచి ఈనాటివరకు చరిత్ర పుస్తకం మళ్ళీ చేతబట్టలేదు. నా శిక్షణ ఫలితం అది.

మన ఆఫీసు భాషలో చెబితే అందరికీ తేలికగా అర్థమవుతుంది. ఫైలు ముగిశాక దానికి ఒక డిస్పోజల్ వేస్తాం. ఆర్. డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి. డి. డిస్. అయితే పదేళ్ళు. కె. డిస్. అయితే మూడేళ్ళు. ఎల్. డిస్. అయితే ఏడాది తిరిగాక తీసిపారేయవచ్చు. మా అబ్బాయి చరిత్ర చదువుకు నేను వేయించినది ఎల్. డిస్. ఏడాది కూడా నిలవలేదు.

ఇక మా మనవరాలి సంగతి. రెండేళ్ళక్రితం అది ఎనిమిదో తరగతి. వాళ్ళ బడిలో చరిత్ర పాఠం మన కాలంలోలాగ లేదు. పిల్లలను అయిదారుగురు చొప్పున గుంపులుగా కూర్చోబెడతారు. పాఠాన్ని ముక్కలు చేసి గుంపుకొక ముక్క ఇస్తారు. చార్టులు గీయిస్తారు, ప్రాజెక్టులు చేయిస్తారు, గోడమీది పెద్ద తెరపై బొమ్మలు చూపిస్తారు. చూడగానే నాకు ముచ్చట వేసింది. ఇంత సంబరంగా చదువుతున్న పిల్లకు మార్కులకేం లోటు అనుకున్నాను. తీరా అర్ధసంవత్సర పరీక్షలో సాంఘికశాస్త్రంలో నూటికి నలభై కూడా రాలేదు. పిల్ల రెండురోజులు సరిగా అన్నం తినలేదు. "నాకు సోషల్ రాదు తాతయ్యా" అన్నది. మా అబ్బాయి ముఖంలోకి నేను చూడలేకపోయాను.

కూర్చుని విచారిస్తే విషయం బయటపడింది. గిరిజన తిరుగుబాట్ల పాఠంలో వీళ్ళ గుంపుకు వచ్చిన ముక్క ఒక్కటే అది చదివింది. మిగతా గుంపులు తమ ముక్కలు చెబుతున్నపుడు వీళ్ళు తమ చార్టుకు రంగులు వేసుకుంటున్నారు. ప్రాజెక్టు ఏమో బడిపక్క నెట్ సెంటరులో అచ్చు వేయించినది. అందులో ఉన్నదేమిటో చదవనే లేదు. తప్పు పిల్లది కాదు, టీచరుగారిదీ కాదు. గదిలో యాభైమంది పిల్లలు, ముప్పావుగంట పీరియడు, సంక్రాంతిలోగా పూర్తిచేయవలసిన పాఠాలు. అంతమంది గుంపుల మధ్య ఒక్క మనిషి ఎంతమందిని చూడగలరు?

నాకు వెంటనే పాత బుద్ధి పుట్టింది. ఇదంతా వేషం, కంఠతా పట్టడమే మందు అనుకుని, మర్నాటినుంచి మా అబ్బాయికి చేసినట్టే దీనికీ చేశాను. దెబ్బలు మాత్రం లేవు, వయసుతో అంతమాత్రం జ్ఞానం వచ్చింది. తరువాతి యూనిట్ పరీక్షలో మార్కులు పెరిగాయి. నేను మీసం దువ్వుకున్నాను. మూడు వారాలు గడిచాక అవే ప్రశ్నలు మామూలుగా అడిగితే సగం పోయాయి. మళ్ళీ ఎల్. డిస్.!

అప్పుడు మన సంఘ సభ్యులే, ప్రధానోపాధ్యాయులుగా రిటైరైన ఒక మిత్రుని దగ్గరకు వెళ్ళాను. "మీరు రెండు తప్పుల మధ్య తిరుగుతున్నారండీ" అన్నారాయన. ఆయన చెప్పిన సంగతులు, ఇచ్చిన కాగితాలు నేను చదివినంతవరకు మీకు మనవి చేస్తాను.

ఈ కొత్త పద్ధతులు నిన్న మొన్న ఊడిపడినవి కావు. పాఠాన్ని ముక్కలుగా పంచి ఒకరికొకరు చెప్పుకునే పద్ధతిని 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రవేశపెట్టారు. అప్పుడే తెల్లపిల్లలు, నల్లపిల్లలు ఒకే బడిలో కలిసి కూర్చోవలసి వచ్చింది. వాళ్ళ మధ్య వైరం తగ్గించాలన్నది అసలు ఉద్దేశ్యం. మన దేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువును తగ్గించాలని గట్టిగా చెప్పింది. దాని తరువాత వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. చరిత్ర పుస్తకాలలో పాత లేఖలు, చిత్రాలు, ఆధారాలు పెట్టి పిల్లలను ఆలోచించమన్నారు. మన రాష్ట్రంలో 2011లో పాఠ్యప్రణాళిక చట్రం తయారైంది, ఆ దారిలోనే కొత్త సాంఘికశాస్త్ర పుస్తకాలు వచ్చాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడులలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు కూడా ఇచ్చారు. అంటే ఉద్దేశ్యాలలో లోపం లేదు.

మరి ఫలితాల మాట? గుంపు చదువుల మీద జరిగిన ఎన్నో పరిశోధనలను రాబర్ట్ స్లేవిన్ అనే పండితుడు పోల్చి చూశారు. గుంపుగా చదివితే లాభమున్నది, కాని రెండు షరతులు. గుంపుకంతకూ కలిపి ఒక లక్ష్యం ఉండాలి. గుంపులో ప్రతి ఒక్కరూ తానేం నేర్చుకున్నదీ విడిగా చూపించాలి. ఈ రెండో షరతు తప్పినచోట ఒకరు పనిచేస్తారు, నలుగురు సంతకం పెడతారు. అది మనకు ఆఫీసులో తెలియని సంగతా?

రెండో సంగతి జ్ఞాపకానికి సంబంధించినది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగఫలితం ప్రకటించారు. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారే చదివి, పుస్తకం మూసి, జ్ఞాపకమున్నంతా మూడుసార్లు వ్రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగుసార్లు చదివినవారిదే పైచేయి, నూటికి 83, రెండోవారికి 71. వారం తరువాత పరీక్షిస్తే తలక్రిందులైంది. చదివినవారికి 40, మూసి వ్రాసినవారికి 61. మా మనవరాలి మూడు వారాల కథకు జవాబు ఇందులో దొరికింది. నేను దానిచేత పుస్తకం చూసి పదేపదే వల్లె వేయించి, అప్పటికప్పుడు అప్పజెప్పించుకుని తృప్తిపడ్డాను. నాలుగు రోజులు ఆగి, పుస్తకం మూసి, స్వంత మాటలలో వ్రాయించలేదు.

మూడోది నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి. శామ్ వైన్‌బర్గ్ అనే ఆచార్యుడు 1991లో ఒక పరిశోధన ప్రకటించారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటం మొదలైన లెక్సింగ్టన్ ఘర్షణ గూర్చిన పాత కాగితాలను చరిత్రకారులకు, తెలివైన హైస్కూలు పిల్లలకు ఇచ్చారు. పిల్లలు మొదటి వాక్యంనుంచి చదువుకుపోయారు. చరిత్రకారులు ముందుగా చూసింది ఆ కాగితం ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు అని. ఇది చదివి నేను నవ్వుకున్నాను. మన గుమాస్తాలం చేసేది కూడా అదే గదా! ఫైలు చేతికి రాగానే విషయం చదవక ముందు తేదీ, నంబరు, అడుగున సంతకం చూస్తాం. అర్జీ ఎవరిది, ఎవరికి వ్రాసుకున్నాడు, పాత రిజిస్టరుతో సరిపోతున్నదా, లేదా? ఏ ప్రొఫెసరూ చెప్పకుండానే మన సూపరింటెండెంట్లు మనకు నేర్పిన విద్య అది.

ఈ విద్యనే బడి పాఠంగా మార్చి, 2008-09లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అయిదు హైస్కూళ్ళలో 236 మంది పదకొండో తరగతి పిల్లలతో ఆరు నెలలపాటు పరీక్షించారు. ఒక ప్రశ్న, దాని గూర్చి రెండు మూడు పాత కాగితాలు, ముందుగా టీచరు చెప్పే నేపథ్యం, తరువాత చర్చ. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు మామూలు తరగతుల వారికంటె చారిత్రక ఆలోచనలోనే గాక, విషయ పరిజ్ఞానంలోను, చదివి అర్థంచేసుకోవటంలోను కూడా ముందున్నారు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. నేపథ్యం టీచరే చెప్పారు. ఏమీ తెలియని పిల్ల చేతిలో కాగితం పెట్టి ఆలోచించమంటే అది ఆలోచన కాదు, ఊహ.

ఇవి విన్న తరువాత ఇంట్లో నేను చేసిన పని చెబుతాను. అదే గిరిజన తిరుగుబాట్ల పాఠం తీశాం. ముందు నేను కథ చెప్పాను, తేదీలతో సహా. 1879లో రంపలో తిరుగుబాటు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడులు. 1924 మే 7న ఆయన మరణం. ఆ తరువాత ఒక్క మాట చెప్పాను. "అమ్మలూ, ప్రభుత్వ కాగితాలలో దీన్ని పితూరి అన్నారు. మీ పుస్తకంలో తిరుగుబాటు అని ఉంది. ఇంకొందరు విప్లవం అంటారు. జరిగింది ఒకటే అయినపుడు పేర్లు మూడెందుకు?"

పిల్ల ఆలోచనలో పడింది. "రాసినవాళ్ళు వేరు గదా తాతయ్యా" అన్నది కాసేపటికి. అప్పుడు 1907లో హెమింగ్వే అనే ఐ.సి.ఎస్. అధికారి వ్రాసిన గోదావరి జిల్లా గెజెటీరు సంగతి చెప్పాను. వ్రాసినవాడు దొరతనంవాడు. అయినా 1879 నాటి అలజడికి మన్సబుదారు దుష్పాలన, కల్లుమీద వేసిన పన్ను కారణాలని అందులో వ్రాశాడు. తన ప్రభుత్వానికి అనుకూలం కాని మాట తానే ఒప్పుకుంటే ఆ మాటకు బరువెక్కువ. రెవెన్యూ విచారణలో కూడా అంతే అని దానికి వివరించాను.

తరువాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయానికి కలిగిన అడ్డంకులు, గూడెం ప్రాంతంలో రోడ్డు పనికి గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టి చేయించిన బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు సంగతి వచ్చాయి. అక్కడ మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, ఆయన మీ డిపార్ట్‌మెంటే గదా! నువ్వు ఆ ఆఫీసులో గుమాస్తావి అయితే, ఆ కూలీల అర్జీ వస్తే ఏమని నోటు పెట్టేవాడివి?"

అయ్యా, అన్నేళ్ళ సర్వీసులో ఏ ఆడిట్ పార్టీ నన్ను అంత ఇబ్బంది పెట్టలేదు. "ధైర్యంగా వ్రాసేవాణ్ణి" అని చెప్పవచ్చు. కాని అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పైవారి మొహం చూసి వ్రాసేవాణ్ణేమోనమ్మా" అన్నాను. "అయితే నీ నోటు కూడా చదివేవాళ్ళు ఎవరు రాశారో చూసుకోవాలన్నమాట" అన్నది. ఆ ఒక్క మాటతో దానికి చరిత్ర అంటే ఏమిటో తెలిసిందనిపించింది. ఇరవై చార్టులు గీసినా, రెండువందల తేదీలు వల్లించినా ఆ మాట రాదు.

మేము చేసిన పద్ధతి ఇంతే. మొదట కథ, తేదీలు సహా, నేను చెప్పాలి. రెండోది ఒక ప్రశ్న, దానికి రెండు మూడు ఆధారాలు. మూడోది పుస్తకం మూసి పిల్ల స్వంతంగా ఒక పేజీ వ్రాయాలి. నాలుగోది, వారం తరువాత మళ్ళీ వ్రాయాలి, ఈసారి చెప్పకుండా, అకస్మాత్తుగా. వారానికి రెండు రోజులు, రోజుకు ముప్పావుగంట. కొడుకు, కోడలు టి.వి. కట్టేసి సహకరించారు.

ఫలితం దాచకుండా చెప్పాలి. వార్షిక పరీక్షలో నూటికి తొంభై రాలేదు, అరవై ఆరు వచ్చాయి. ప్రశ్నపత్రం అడిగే ప్రశ్నలు ఇంకా చాలావరకు మన కాలం ప్రశ్నలే. ఆలోచించి వ్రాసినదానికి మార్కులు వేసే తీరిక దిద్దేవారికి ఉండకపోవచ్చు. ఒక్క పిల్లను చూసి పద్ధతి గొప్పదని తీర్మానించటం కూడా న్యాయం కాదు. ఇంట్లో ఒక తాత ఒక మనవరాలికి చేసినది, యాభైమందితో ఒక టీచరు చేయాలంటే మాటలు కాదు. కాని ఇప్పుడు అది పదో తరగతి. మొన్న దసరా సెలవులలో ఊరికే అడిగాను, రెండేళ్ళనాటి పాఠం. 1882 చట్టం, పోడు, వెట్టి, పితూరి అన్న మాట, అన్నీ చెప్పింది. ఒక తేదీ తప్పింది. ఆర్. డిస్. వేయవచ్చు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పాత పద్ధతి విషయం ఇచ్చింది, ప్రశ్న ఇవ్వలేదు. కొత్త పద్ధతి, సరిగా జరగనిచోట, ప్రశ్న ఇస్తున్నది, విషయం ఇవ్వటంలేదు. ఒకటి లేనిదే రెండవది నిలవదు. గుంపులు, తెరలు, ట్యాబులు, ప్రాజెక్టులు అన్నీ కవర్లవంటివి. లోపల కాగితం ఉందా లేదా అని చూడాలి. మీ మనవడు చార్టు తెస్తే "బాగుంది" అని ఊరుకోకండి. "దీన్ని మూసి నాకు చెప్పు" అనండి. "ఇది ఎవరు చెప్పారు, ఎలా తెలిసింది" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు డబ్బు ఖర్చు లేదు.

మన దగ్గరే ఎన్నో ఆధారాలు ఉన్నాయి. మీ ట్రంకు పెట్టెలో మీ నాన్నగారి శిస్తు రసీదు ఉంటుంది. మొదటి నియామకపు ఉత్తర్వు, పాత రేషను కార్డు, పెళ్ళి శుభలేఖ ఉంటాయి. అవి తీసి పిల్లలకు చూపండి. ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి, వాళ్ళు పారిపోతారు. కాగితం వాళ్ళ చేతికిచ్చి, వాళ్ళనే అడగనివ్వండి.

ఉదాహరణకు ఈరోజు మనం ఇక్కడ ఎందుకు కూర్చున్నామో మీ మనవలను అడగండి. డిసెంబరు 17 అన్న తేదీ మనలో ఎవ్వరూ బట్టీ పట్టలేదు, అయినా ఎవ్వరూ మరువలేదు. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. రక్షణ శాఖలో పనిచేసి 1972లో రిటైరైన నకారాగారు కోర్టుకు వెళ్ళారు. 1979 మార్చి 31వ తేదీ అని ఒక గీత గీసి, దానికి ముందు రిటైరైనవారికి మెరుగైన పింఛను లెక్క వర్తించదన్నారు. ఆ గీత చెల్లదని ధర్మాసనం తేల్చింది. పింఛను దయాధర్మం కాదు, హక్కు అన్నది. ఆ తేదీ మనకు ఎందుకు నిలిచింది? కారణం తెలుసు గనుక, అది మన బ్రతుకును తాకింది గనుక. పిల్లలకు ప్రతి పాఠమూ అలా తాకకపోవచ్చు. కొన్నయినా తాకేటట్టు చేయటం మన చేతిలో ఉన్నది.

కార్యవర్గానికి ఒక చిన్న విన్నపం. మనలో అన్ని శాఖలవారూ ఉన్నారు, ఉపాధ్యాయులున్నారు. దగ్గరలోని బడివారు ఒప్పుకుంటే, నెలకు ఒక్క పీరియడు, ఇద్దరు సభ్యులు తమ పాత కాగితాలతో వెళ్ళి పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పే ఏర్పాటు చేయండి. టీచరుగారు నేపథ్యం చెబుతారు, మనం ఆధారం చూపుతాం, పిల్లలు వ్రాస్తారు. ముందుగా నా పేరు వ్రాసుకోండి.

ముగించేముందు ఒక్క మాట. మేము గెజెటీరు గూర్చి మాట్లాడుకుంటున్న సాయంత్రాలలో మా అబ్బాయి పేపరు అడ్డం పెట్టుకుని పక్కనే కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఒకరోజు పిల్ల నిద్రపోయాక, "నాన్నగారూ, ఆ బాస్టియన్ సంగతి తరువాత ఏమైంది?" అని అడిగాడు. వాడికి ఏభై దాటింది. చరిత్ర గూర్చి నన్ను వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. చాలా రాత్రివరకు చెప్పుకున్నాం.